నాస్ బాక్సా, టేపా, క్లౌడా: చెన్నైలో ఆఫీసు డేటాకి ఏ బ్యాకప్ సరిపోతుంది?

అక్టోబరు వచ్చిందంటే నాకు రెండు రకాల ఫోన్లు మొదలవుతాయి. ఒకటి నెల్లూరు నుంచి అమ్మది, వానలంట జాగ్రత్త అని. రెండోది చెన్నైలో చిన్నవో పెద్దవో కంపెనీలు నడుపుతున్న మనవాళ్ళది, "మంచి బ్యాకప్ ఏదైనా ఉంటే చెప్పు" అని. 2015 డిసెంబరు చూసినవాళ్ళెవరూ ఈ ఊళ్ళో వానని తేలిగ్గా తీసుకోరు. అంబత్తూరులో ఒక విడిభాగాల ఫ్యాక్టరీకి 12 ఏళ్ళుగా సిస్టమ్స్ చూస్తున్నాను. అడిగినవాళ్ళకి విడివిడిగా ఫోన్లో చెప్పేదే ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

అందరూ మొదట అడిగేది "ఏ సాఫ్ట్‌వేర్?" అనే. వీమా, కామ్‌వాల్టా, ఆక్రోనిసా, చెన్నైలోనే పుట్టిన వెంబు వాళ్ళ బీడీఆర్‌సూటా? నా లెక్కలో అది ఆఖరి ప్రశ్న. బ్యాకప్ తీయడం ఇవన్నీ బాగానే తీస్తాయి. తేడా తెలిసేది తిరిగి తెచ్చుకునే రోజున. ఎంతసేపట్లో వస్తుంది, ఏ ఊరి నుంచి వస్తుంది, అసలు వస్తుందా అన్నది అప్పుడే బయటపడుతుంది.

## ఏడు నెలల పచ్చ టిక్కు

మా దగ్గర జరిగిందే చెబుతాను, తప్పు నాదే. రోజూ పొద్దున ఏడింటికి నాకొక మెయిల్ వచ్చేది: జాబ్ సక్సెస్, పక్కన పచ్చ టిక్కు. కాఫీ తాగుతూ ఫోన్లోనే చూసి పక్కకి తోసేసేవాణ్ణి. ఒక శనివారం అకౌంట్స్‌లో పనిచేసే అమ్మాయి వచ్చి, "అన్నా, ట్యాలీ డేటా తెరుచుకోవట్లేదు, నిన్నటిది పెట్టివ్వవా" అంది. రీస్టోర్ తెరిచాను. ఫోల్డర్ ఉంది. ఫైళ్ళూ ఉన్నాయి. అన్నీ ఏడు నెలల నాటివి.

ఏడు నెలల కిందట డి డ్రైవ్ నిండిపోతే ట్యాలీ డేటాని ఇంకో డ్రైవ్‌కి మార్చింది నేనే. బ్యాకప్ జాబ్‌లో దారి మార్చడం మర్చిపోయాను. పాపం ఆ జాబ్ రోజూ రాత్రి ఒంటిగంటకి లేచి, ఎవరూ ముట్టని పాత ఫోల్డర్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, మార్పులేమీ లేవని రాసి పడుకునేది. రిపోర్టులో సైజు అని ఒక గడి ఉంది. అందులో రోజూ సున్నా అనే ఉంది. నేను టిక్కు చూశాను గానీ సున్నా చూడలేదు.

ఆ అమ్మాయి తన పెన్‌డ్రైవ్‌లో 11 రోజుల కిందటి కాపీ పెట్టుకుని ఉండబట్టి బతికిపోయాం. ఆ 11 రోజుల ఎంట్రీలు ఇద్దరు కూర్చుని రెండు ఆదివారాలు మళ్ళీ కొట్టారు. మా ఓనరుగారు పెద్దగా అరవలేదు. "ఏందయ్యా, రోజూ సక్సెస్ సక్సెస్ అంటివే" అన్నారు, అంతే. అరిచినా బాగుండేది.

ఇది నాబోటివాళ్ళకే జరిగేది కాదు. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. బ్యాకప్‌కి, కాపీలకి కలిపి ఐదు ఏర్పాట్లున్నా ఏ ఒక్కటీ సమయానికి సరిగా అక్కరకు రాలేదు. ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిపెట్టుకున్న ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణానికి డేటా ఎలా ఉందో పట్టిన కాపీ) ఉండబట్టి గట్టెక్కారు.

## కొనే ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, ఎంత పని పోతే మళ్ళీ చేసుకోగలరు? ఒక రోజు బిల్లులు పోయినా కార్బన్ కాపీలు చూసి కొట్టుకోగల ఆఫీసుకి రాత్రికొక బ్యాకప్ చాలు. గంటకి వంద ఆర్డర్లు ఎక్కే చోట అది చాలదు. దీన్నే ఈ రంగంలో ఆర్‌పీఓ అంటారు. రెండోది, ఎంతసేపు మూసుకుని కూర్చోగలరు? అది ఆర్‌టీఓ. లైసెన్సులిచ్చే ఆఫీసు కాదు గానీ ఇక్కడా పని అయ్యేదాకా కూర్చోవాల్సిందే. ఈ రెండు అంకెలూ ఐటీవాళ్ళు చెప్పేవి కావు, ఓనరు నోటి నుంచి రావాలి. "అస్సలు ఆగకూడదు" అనే జవాబు ఒప్పుకోకండి. దాని ఖరీదెంతో చెప్పి మళ్ళీ అడగండి, ఆ "అస్సలు" కాస్తా సాయంత్రానికి "ఒక పూట పర్లేదులే" అవుతుంది.

మూడోది రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగి, రోజుల తరబడి ఓపీ చీటీలు చేత్తో రాసుకోవాల్సి వచ్చింది. లోపలికి చొరబడినవాళ్ళు ముందు బ్యాకప్ ఎక్కడుందో వెతికి, దాన్ని చెరిపాకే మిగతావాటికి తాళం వేస్తారు. కాబట్టి అడ్మిన్ పాస్‌వర్డ్ దొంగ చేతిలో పడినా చెరపలేని కాపీ ఒకటి ఉందా అని చూడాలి. మీ పాస్‌వర్డ్‌తో మీరే చెరపగలిగితే వాడూ చెరపగలడు.

నాలుగోది, రోజూ ఎవరు చూస్తారు? పార్ట్‌టైమ్‌గా వారానికి రెండుసార్లు వచ్చే సిస్టమ్ కుర్రాడి మీద టేప్ లైబ్రరీ పెట్టడం అన్యాయం.

చట్టం సంగతి క్లుప్తంగా. కంపెనీగా రిజిస్టరై, లెక్కలు కంప్యూటర్‌లో రాస్తుంటే, ఆ లెక్కల బ్యాకప్ ఇండియాలోనే ఉన్న సర్వర్‌లో రోజూ ఉండాలి. 2022 ఆగస్టులో కంపెనీల అకౌంట్స్ నిబంధనలు మార్చి "రోజూ" అన్న మాట చేర్చారు. ఆ లెక్కల పుస్తకాలు ఎనిమిదేళ్ళు దాచాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడి తెలిసిన 6 గంటల్లో వాళ్ళకి చెప్పాలి, సిస్టమ్ లాగ్‌లు (ఎవరెప్పుడు ఏం చేశారన్న రికార్డులు) 180 రోజులు ఉంచాలి. సింగపూర్‌లో చవకగా ఉందని క్లౌడ్ అక్కడ తీసుకునే ముందు ఇవి ఒకసారి మీ ఆడిటర్‌తో మాట్లాడుకోండి.

## ఊరు దాటిందా, తుఫాను దాటిందా?

రెండో కాపీ వేరే చోట ఉండాలని అందరికీ తెలుసు. ఎంత వేరే చోట అన్న దగ్గరే మనవాళ్ళు పప్పులో కాలేస్తారు.

మా ఓనరుగారిదీ నెల్లూరే. అక్కడ సొంతిల్లుంది, ఇనప బీరువా ఉంది. వారానికొక హార్డ్‌డిస్క్‌ని పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కించి పంపి, కిందటి వారానిది వెనక్కి తెప్పించేవాళ్ళం. చూడముచ్చటైన ఏర్పాటు, నెల ఖర్చు రెండు టికెట్లు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చింది. 3, 4 తేదీల్లో చెన్నైని ముంచింది, తీరం వెంబడే పైకి పాకుతూ నెల్లూరుని తడిపింది, 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. డిస్క్‌కి ఏమీ కాలేదు. కానీ అంబత్తూరులో మాకు అది కావాలనుకున్న రోజునే రైళ్ళు లేవు, రోడ్డు నమ్మకం లేదు, నెల్లూరులో కరెంటు లేదు. మధ్యలో 170 పైచిలుకు కిలోమీటర్లు ఉన్నాయని ధీమాగా ఉన్నాం గానీ, రెండు ఊళ్ళూ ఒకే తుఫాను దారిలో ఉన్నాయని ఆలోచించలేదు.

క్లౌడ్‌లోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. మైక్రోసాఫ్ట్ అజూర్‌లో "సౌత్ ఇండియా" అనే రీజియన్ (వాళ్ళ డేటా సెంటర్లున్న చోటు) ఉంది. దగ్గరే కదా, స్పీడుగా ఉంటుంది కదా అని చెన్నై కంపెనీలు దాన్నే ఎంచుకుంటాయి. ఆ రీజియన్ ఉన్నది చెన్నైలోనే. అసలు సర్వర్లు అక్కడ పెట్టుకోండి, బాగానే ఉంటుంది. బ్యాకప్ మాత్రం పుణెలోని "సెంట్రల్ ఇండియా"కి పంపండి. అమెజాన్‌వాళ్ళకి ముంబైతో పాటు 2022 నవంబరు నుంచి హైదరాబాద్ ఉంది. గూగుల్‌కి ముంబై, ఢిల్లీ ఉన్నాయి. క్లౌడ్ వద్దు, సొంత బాక్సే పెట్టుకుంటాం అంటే బెంగళూరు బ్రాంచో, హైదరాబాద్ బ్రాంచో మేలు. అక్కడిదాకా సముద్రం రాదు.

ఇంకో సంగతి. 2015 డిసెంబరు 2న చెన్నైలో ది హిందూ పత్రిక అచ్చు కాలేదు. 1878లో మొదలయ్యాక అలా కావడం అదే మొదటిసారి. మరైమలై నగర్‌లోని ప్రెస్సుకి మనుషులు చేరుకోలేకపోయారు. మీ సర్వర్ మూడో అంతస్తులో పొడిగా ఉండవచ్చు, మీరు వేళచ్చేరిలో నడుం లోతు నీళ్ళలో ఉండవచ్చు. ఇంటి నుంచి రీస్టోర్ మొదలుపెట్టగలరా అన్నది కూడా చూసుకోండి.

నీరే కాదు, నిప్పు కూడా. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలో డేజాన్‌లోని ప్రభుత్వ డేటా సెంటర్ కాలిపోయింది. మంట మొదలైంది లిథియం బ్యాటరీల దగ్గర. ప్రభుత్వోద్యోగులు ఫైళ్ళు దాచుకునే జి-డ్రైవ్‌లో 858 టీబీ పోయింది, దానికి బయట ఎక్కడా కాపీ లేదు. కొరియా ప్రభుత్వానికే అలా జరిగితే, మెట్ల కింద యూపీఎస్ పక్కన నాస్ బాక్స్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల పెట్టె) పెట్టుకున్న మన సంగతి చెప్పక్కర్లేదు.

## నాస్ బాక్స్

చిన్న ఆఫీసులకి మొదటి మెట్టు ఇదే. రిచీ స్ట్రీట్‌కి వెళితే బాక్సు, డిస్కులు అన్నీ ఒక గంటలో చేతికొస్తాయి. మామూలు గిగాబిట్ నెట్‌వర్క్ మీద 1 టీబీ వెనక్కి తెచ్చుకోవడానికి రెండున్నర, మూడు గంటలు. నిన్న చెరిపేసిన ఎక్సెల్ ఫైల్ కావాలంటే రెండు నిమిషాలు. ఈ సౌకర్యం ఇంక దేనికీ లేదు.

కొట్టువాడు "రెయిడ్ ఉంది సార్, ఒక డిస్కు పోయినా డేటా పోదు" అంటాడు. నిజమే. అదే డేటాని రెండు డిస్కుల్లో రాస్తుంది కాబట్టి డిస్కు చెడిపోవడానికి మాత్రమే అది మందు. మీరు ఫైల్ చెరిపితే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి చెరుపుతుంది. వైరస్ తాళం వేస్తే రెండింటికీ వేస్తుంది. అందుకే రెయిడ్‌ని బ్యాకప్ కింద లెక్కవేయకూడదు.

ఇంకో ప్రమాదం, ఇంటి నుంచి చూసుకోవచ్చని నాస్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టడం. అలా తెరిచి ఉన్న క్యూనాప్ కంపెనీ బాక్సులనే 2021లో క్యూలాకర్, 2022లో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్లు పట్టుకున్నాయి. బయటి దారి మూసేయండి, స్నాప్‌షాట్లు ఆన్ చేయండి, బ్యాకప్ ఫోల్డర్‌ని ఎవరి కంప్యూటర్‌లోనూ జెడ్ డ్రైవ్‌గా కనిపించనివ్వకండి. నేలమీద పెట్టకండి.

## బ్యాకప్ సర్వర్, దాని మీద సాఫ్ట్‌వేర్

వర్చువల్ మెషీన్లు (ఒకే సర్వర్ మీద విడివిడి కంప్యూటర్లలా నడిచేవి) నాలుగైదు దాటాయంటే నాస్‌లోకి ఫైళ్ళు కాపీ చేయడంతో సరిపోదు. సర్వర్ మొత్తాన్నీ, ఆపరేటింగ్ సిస్టమ్‌తో సహా పట్టుకోవాలి. దీనికి పెట్టే డబ్బు మొత్తం ఒక్క సదుపాయం కోసమే అనుకోండి: సర్వర్ చచ్చిపోతే, డేటా అంతా వెనక్కి కాపీ అయ్యేదాకా ఆగకుండా, బ్యాకప్ ఫైల్ నుంచే ఆ మెషీన్‌ని నేరుగా నడిపించవచ్చు. నెమ్మదిగా నడుస్తుంది. అయినా 20 నిమిషాల్లో ఇన్‌వాయిస్ ప్రింటవుతుంది, లారీ గేటు దాటుతుంది. అసలు కాపీ వెనకాల తీరిగ్గా జరుగుతుంది. మా ఫ్యాక్టరీకి నేను ఇదే పెట్టడానికి కారణం ఆ లారీయే.

ఖర్చు భయం ఉంటే, వీమ్‌లో 10 మెషీన్ల దాకా ఉచిత ఎడిషన్ ఉంది. వర్చువల్ మెషీన్లు నడపడానికి ప్రాక్స్‌మాక్స్ వాడేవాళ్ళకి ఆ కంపెనీ బ్యాకప్ సర్వరే ఓపెన్ సోర్స్‌గా దొరుకుతుంది. వెంబువాళ్ళతో ఒక లాభం, సపోర్ట్ మనిషి మన టైమ్‌లోనే ఫోనెత్తుతాడు. రాత్రి రెండింటికి అమెరికా వాయిస్ మెయిల్ వినేకంటే అది నయం.

పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. బ్యాకప్ సర్వర్‌ని కంపెనీ డొమైన్‌లో (అందరి లాగిన్‌లూ ఒకేచోట ఉండే ఏర్పాటు) కలపకండి. దానికి వేరే యూజరు, వేరే పాస్‌వర్డ్ ఉండాలి. 2024లో వీమ్‌లో బయటపడ్డ ఒక లోపాన్ని అకీరా, ఫాగ్ రాన్సమ్‌వేర్ ముఠాలు వాడుకున్నాయి. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కూడా సాఫ్ట్‌వేరే, దానికీ ప్యాచ్‌లు వేస్తూ ఉండాలి.

## టేప్

టేప్ అనగానే నవ్వుతారు. ఎల్‌టీఓ అనే రకంలో తొమ్మిదో తరం, ఎల్‌టీఓ-9 టేప్ ఒక్కటి అరచేతిలో పట్టేంత, అందులో కంప్రెషన్ లేకుండానే 18 టీబీ పడుతుంది. సెకనుకి 400 ఎంబీ రాస్తుంది, అంటే టేప్ నిండడానికి 12 గంటల 30 నిమిషాలు. డ్రైవ్‌లోంచి తీసి అలమరలో పెట్టాక ప్రపంచంలో ఏ హ్యాకరూ దాన్ని ముట్టుకోలేడు. కరెంటు ఖర్చు సున్నా.

మరి అందరూ ఎందుకు కొనరు? డ్రైవ్ ఒక్కటే లక్షల్లో ఉంటుంది. ఒక చిన్న ఫైల్ కావాలంటే ఆ టేప్ వెతకాలి, పెట్టాలి, ముందుకి తిప్పాలి. చెన్నై గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చల్లగా, పొడిగా ఉండే గది కావాలి. ఒక గది నుంచి ఇంకో వాతావరణంలోకి తెచ్చాక వెంటనే డ్రైవ్‌లో పెట్టకూడదు, ఒక రోజు సర్దుకోనివ్వాలి. తరాల గొడవ ఇంకొకటి. ఎల్‌టీఓ-9 డ్రైవ్ ఒక తరం వెనకటి ఎల్‌టీఓ-8 వరకే చదువుతుంది. ఎల్‌టీఓ-10 అయితే ఆ ఒక్క తరాన్నీ చదవదు. టేప్ 30 ఏళ్ళు ఉంటుందని చెబుతారు, దాన్ని చదివే డ్రైవ్ అప్పటికి ఎక్కడ దొరుకుతుందో ఎవరూ చెప్పరు. 30, 40 టీబీ దాటని కంపెనీకి టేప్ గురించి నేను మాట్లాడను.

## క్లౌడ్

ఇక్కడ కొంచెం లెక్క వేద్దాం, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

మా డేటా మొత్తం 12 టీబీ. రోజుకి మారేది సుమారు 240 జీబీ. 100 ఎంబీపీఎస్ లైను మీద నిజంగా చేతికందేది సెకనుకి 10 ఎంబీ అనుకుందాం. రోజు మార్పులు పైకి వెళ్ళడానికి ఏడు గంటల లోపే. రాత్రి పదికి మొదలుపెడితే తెల్లారి ఐదుకల్లా పని అయిపోతుంది. ఎంత బాగుందో అనిపిస్తుంది. ఇప్పుడు సర్వర్ గది కాలిపోయిందనుకోండి. అదే లైను మీద 12 టీబీ కిందికి దించాలంటే 14 రోజులు. ఏ సేల్స్‌మ్యానూ తన స్లైడ్లలో ఈ రెండో అంకె చూపించడు. 1 జీబీపీఎస్ లైను వేయిస్తే అది 33 గంటలకి దిగుతుంది, కానీ ఆ లైను కూడా అదే కాలిన గదిలోకే వస్తుంది కదా.

దీనికి మందు, డేటా అంతా ఒకేసారి దించాలనుకోకపోవడం. మా ఈఆర్‌పీ (ఆర్డర్లు, స్టాకు, బిల్లులు అన్నీ నడిపే సాఫ్ట్‌వేర్) డేటాబేస్ 400 జీబీయే. అది ఒక్కటీ ముందు దిగితే 11 గంటలు. లేదా కిందికి దించకుండా క్లౌడ్‌లోనే ఒక మెషీన్ లేపి, డేటా అక్కడే తెరిచి, ఆఫీసువాళ్ళు ఇంటర్నెట్‌లో వాడుకోవడం. రెండో పద్ధతి మా దగ్గర ఒకసారి ట్రయల్ వేశాం. పని చేసింది, ప్రింటర్లు తప్ప. ప్రింటర్లు ఎప్పుడు మాత్రం పని చేశాయి గనక!

బిల్లులో కనపడని రెండు విషయాలు. డేటా పెట్టడానికి ఒక రేటు, వెనక్కి దించుకోవడానికి జీబీకి ఇంకో రేటు ఉంటుంది. మీరు అత్యంత కష్టంలో ఉన్న నెలలోనే ఆ రెండో బిల్లు వస్తుంది. చవకైన ఆర్కైవ్ తరగతుల్లో తిరకాసు ఇంకా ఉంది. అమెజాన్ గ్లేసియర్ డీప్ ఆర్కైవ్‌లో పెట్టింది మామూలుగా తీస్తే 12 గంటల్లో, చవకగా తీస్తే 48 గంటల్లో చేతికొస్తుంది. 180 రోజుల లోపు చెరిపినా 180 రోజుల డబ్బూ కట్టాలి. ఎనిమిదేళ్ళు దాచే పాత లెక్కలకి అది బంగారం. రేపు పొద్దున కావాల్సిన డేటా అందులో పెట్టకండి.

ఇక క్లౌడ్‌కి నేను డబ్బు కట్టేది ముఖ్యంగా, గడువు దాకా కాపీని చెరపనివ్వని ఆబ్జెక్ట్ లాక్ కోసం. అందులో కంప్లయన్స్ మోడ్‌లో 30 రోజులని పెడితే, ఆ 30 రోజులూ అన్ని అధికారాలూ ఉన్న రూట్ యూజరు కూడా ఆ కాపీని చెరపలేడు. గవర్నెన్స్ మోడ్ అనే ఇంకోటి ఉంది, అందులో ప్రత్యేక అనుమతి ఉన్నవాళ్ళు చెరపగలరు, కాబట్టి ఏది పెట్టారో చూసుకోండి. కంప్లయన్స్ పెట్టే ముందు రోజులు సరిగ్గా లెక్క వేసుకోండి. పొరపాటున 3,000 అని కొడితే ఎనిమిదేళ్ళకి పైగా బిల్లు కట్టాల్సిందే.

బ్యాకప్‌కి వేరే క్లౌడ్ అకౌంట్ తెరవండి. 2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే కంపెనీ అమెజాన్ అకౌంట్‌లోకి ఒక దుండగుడు దూరి, అసలుతో పాటు బ్యాకప్‌లూ చాలావరకు చెరిపేశాడు. అన్నీ ఒకే అకౌంట్ కింద ఉన్నాయి. ఆ కంపెనీ అక్కడితో మూతపడింది.

## డీఆర్ సైటు

డీఆర్ అంటే డిజాస్టర్ రికవరీ: సర్వర్లకి అచ్చంగా ఒక జంట ఇంకో ఊళ్ళో నడుస్తూ ఉండటం, 5 నిమిషాలకో 15 నిమిషాలకో మార్పులు అక్కడికి వెళ్ళడం. ఇక్కడ పడిపోతే అక్కడ లేస్తుంది. అన్నిటికంటే వేగం, అన్నిటికంటే ఖరీదు. ఇది ఉందని బ్యాకప్ మానేసిన ఒక మిత్రుడున్నాడు. తప్పుడు డేటా కూడా 15 నిమిషాల్లో అక్కడికి చేరుతుందని ఆయనకి చెప్పి చెప్పి అలిసిపోయాను. ఒక గంట ఆగితే మీకు పోయే డబ్బు, దీని నెల ఖర్చు పక్కపక్కన రాసుకుని చూడండి, జవాబు దానంతటదే వస్తుంది.

## పక్కపక్కన పెడితే

| ఏర్పాటు | ఒక్క ఫైల్ కావాలంటే | సర్వర్ మొత్తం లేవాలంటే | దొంగ అడ్మిన్ అయితే | ఆఫీసు మునిగితే | రోజువారీ పని |
|---|---|---|---|---|---|
| నాస్ బాక్స్ | నిమిషాలు | ఒక పూట నుంచి రోజు | చెరపగలడు | దాంతో పాటే మునుగుతుంది | తక్కువ |
| బ్యాకప్ సర్వర్ | నిమిషాలు | అరగంట నుంచి కొన్ని గంటలు | డొమైన్ బయట, చెరపలేని విధంగా పెడితే కష్టం | దాంతో పాటే మునుగుతుంది | మధ్యస్థం |
| టేప్ | గంటలు | రోజు, రెండు రోజులు | బయట ఉన్నది ముట్టలేడు | వేరే ఊళ్ళో ఉంటే భద్రం | ఎక్కువ |
| లాక్ వేసిన క్లౌడ్ | నిమిషాలు | లైనుని బట్టి గంటలు, వారాలు | లాక్ ఉన్నంతకాలం చెరపలేడు | భద్రం, వేరే ఊరి రీజియన్ అయితే | తక్కువ |
| డీఆర్ సైటు | దీనికి పనికిరాదు | నిమిషాలు | చెడు కూడా కాపీ అవుతుంది | భద్రం | ఎక్కువ |

## ఎవరికి ఏది

టీ నగర్‌లో 20 మంది ఉన్న ఆడిటర్ ఆఫీసు, ట్యాలీ, ఎక్సెల్, స్కాన్ చేసిన కాగితాలు, అంతా కలిపి 500 జీబీ. నాస్ ఒకటి, దాని నుంచి రాత్రిళ్ళు హైదరాబాద్‌కో ముంబైకో లాక్ వేసిన క్లౌడ్ కాపీ. 100 ఎంబీపీఎస్ మీద మొదటిసారి మొత్తం ఎక్కడానికి 14 గంటలు, ఒక ఆదివారం చాలు. ఇంతకంటే ఎవరైనా అమ్మజూపితే వద్దనండి.

మా లాంటి ఫ్యాక్టరీ, 10 నుంచి 20 టీబీ, ఈఆర్‌పీ, డ్రాయింగులు: ఆవరణలో బ్యాకప్ సర్వర్, బయట లాక్ వేసిన క్లౌడ్. ఏది ముందు లేవాలో వరుస రాసిన ఒక కాగితం. మాది ఈఆర్‌పీ, తర్వాత డ్రాయింగులు, తర్వాత మెయిల్ ఆర్కైవ్, ఆఖరున సీసీ కెమెరాలు. ఈ వరుస మీద మా దగ్గర మీటింగు మూడు గంటలు సాగింది, ప్రతి డిపార్ట్‌మెంటూ ముందు మాదే అంటుంది.

స్కాన్ సెంటర్లు, ఆసుపత్రులు వేరే కథ. తీసిన ఎంఆర్ఐ బొమ్మ మళ్ళీ మారదు, పేరుకుంటూ పోతుంది. 60 టీబీ ఉంటే ఎల్‌టీఓ-9 టేపులు నాలుగు, రెండో జతకి ఇంకో నాలుగు. కిందటి రెండేళ్ళ బొమ్మలు డిస్క్‌లో, మిగతావి టేప్‌లో పెడితే క్లౌడ్ బిల్లు కంటే ఇదే గిట్టుబాటు కావచ్చు. టేపులు మార్చడానికి ఒక నిఖార్సయిన మనిషి ఉంటేనే సుమా.

ఓఎంఆర్ (చెన్నై ఐటీ కంపెనీల రోడ్డు) మీద సాఫ్ట్‌వేర్ కంపెనీలు "మాకు సర్వరే లేదు, అంతా మైక్రోసాఫ్ట్ 365లోనే, గూగుల్‌లోనే" అంటాయి. వాళ్ళ సర్వర్ పడిపోకుండా చూడటం వాళ్ళ పని, మీవాడు చెరిపింది మీ పని. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులు, తర్వాత అడ్మిన్‌కి ఇంకో 25 రోజులు. షేర్‌పాయింట్, వన్‌డ్రైవ్‌లో 93 రోజులు. ఆ తర్వాత లేదు. మానేసి వెళ్ళినవాడు పోతూ పోతూ చెరిపిన ఫోల్డర్ గురించి మీకు తెలిసేది సరిగ్గా నాలుగో నెలలో. వీటికి విడిగా బ్యాకప్ సేవ తీసుకోండి. సోర్స్ కోడ్ కాపీ వేరే అకౌంట్‌లో పెట్టండి.

రాత్రీ పగలూ నడిచే వ్యాపారం, పేమెంట్లు, బుకింగులు అయితే డీఆర్ సైటుతో పాటు పైన చెప్పినవాటిలో ఒకటి. విడిగా డీఆర్ ఒక్కటే వద్దు.

## మా ఫ్యాక్టరీలో ఇప్పుడు

ప్రతి నెలా మొదటి శనివారం ఒక సర్వర్‌ని తిరిగి లేపి చూస్తాం. ఏ సర్వరో నేను ఎంచుకోను, ఎంచుకుంటే తేలికైనదే ఎంచుకుంటానని నాకు తెలుసు. పేర్లు చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేస్తాం, అకౌంట్స్ అమ్మాయి తీస్తుంది. ఆమెకి ఆ హక్కుంది మరి. లేచిన మెషీన్‌లో నిన్నటి తేదీతో ఒక బిల్లు తెరిచి ఆమెకి చూపించాలి, అప్పుడే గడియారం ఆగుతుంది. రిపోర్టులో ఇప్పుడు నేను చూసేది సైజు గడే. ఏ జాబ్ అయినా మూడు రోజులు వరసగా సున్నా చూపిస్తే సక్సెస్ అని ఉన్నా సరే నా ఫోన్ మోగేలా పెట్టాను.

బ్యాకప్‌కి వేసిన ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, సీలు చేసిన కవరులో ఓనరుగారి బ్యాంకు లాకర్లో ఉంది. బెంగళూరు బ్రాంచి మేనేజరు దగ్గర ఇంకో కవరు. పాస్‌వర్డ్ బ్యాకప్ లోపలే ఉన్న ఎక్సెల్‌లో పెట్టుకున్న ఆఫీసు ఒకటి నాకు తెలుసు.

అమ్మకానికి వచ్చేవాళ్ళని కూడా ఇప్పుడు స్లైడ్లు అడగను. మా పాత సర్వర్ ఒకటి ఇచ్చి, బ్యాకప్ తీసి, దాన్ని ఫార్మాట్ చేసి, నా కళ్ళముందు తిరిగి లేపమంటాను. కిందటేడు ముగ్గురు వచ్చారు. ఒకాయన రెండు గంటల్లో లేపాడు, ఒకాయన మర్నాడు వస్తానన్నాడు, మూడో ఆయన లైసెన్స్ కీ మర్చిపోయానన్నాడు.

కిందటి నెల చీటీలో ఈఆర్‌పీ వచ్చింది. ఓనరుగారు ఒప్పుకున్న గడువు 4 గంటలు, మాకు పట్టింది 4 గంటల 20 నిమిషాలు. ఆ 20 నిమిషాలూ పాత లైసెన్స్ డాంగిల్ (సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడానికి గుచ్చే యూఎస్‌బీ తాళంచెవి) ఎక్కడుందో వెతకడానికి పోయాయి. ఇప్పుడది ర్యాక్ తలుపు లోపలి వైపు ఒక కవరులో టేపేసి ఉంది.

ఈ శనివారం మళ్ళీ గ్లాసు బయటికి తీస్తాం.